పాత పెర్ల్ స్క్రిప్టులు కొత్త సర్వర్‌కి మార్చిన పని: ఏవి ఉంచాం, ఏవి తిరగరాశాం (నా అనుభవం)

పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషని ఇంకా వాడొచ్చా, ఉన్నదంతా పైథాన్ అనే భాషలోకి మార్చేయాలా అన్నది ఊరికే మాట్లాడుకుంటే తెగే ప్రశ్న కాదు. 27 స్క్రిప్టులు ముందు పెట్టుకుని, ఒక్కోదాన్ని ఉంచాలా తిరగరాయాలా అని తేల్చాల్సి వచ్చినప్పుడు తెగింది. పాత సర్వర్ సెంటాస్ 5 (ఒక రకం లినక్స్), అందులో పెర్ల్ 5.8.8. కొత్తది డెబియన్ 12 (ఇంకో రకం లినక్స్), అందులో పెర్ల్ 5.36. లాగ్‌లు చదివి రిపోర్టులు తీసేవి, సీఎస్‌వీలు (కామాలతో విడదీసిన టేబుల్ ఫైళ్లు) డేటాబేస్‌లోకి ఎక్కించేవి, తెలుగు పేర్లు, అడ్రసులతో నెలవారీ స్టేట్‌మెంట్లు తయారుచేసేవి, ఒక మూడు వెబ్ ఫారాలు: ఇవీ ఆ స్క్రిప్టులు. ఏం చేశామో, ఎక్కడెక్కడ తేడా కొట్టిందో వరసగా రాస్తున్నాను.

ముందు ఒక అపోహ సంగతి. ల్యారీ వాల్ 1987 డిసెంబర్‌లో పెర్ల్ మొదటి వెర్షన్ విడుదల చేశారు. ఇప్పటికీ మనం వాడుతున్న పెర్ల్ 5 వచ్చింది 1994లో. 2000లో పెర్ల్ 6 ప్రకటించారు. అది ఏళ్ల తరబడి నడిచి వేరే భాషగా తేలింది, 2019లో దాని పేరే రాకు (Raku) అని మార్చేశారు. ఈ గొడవలో చాలామంది పెర్ల్ 5 ఆగిపోయిందనుకున్నారు. ఆగలేదు. 5.36 2022లో, 5.38 2023లో, 5.40 2024లో, 5.42 2025లో వచ్చాయి. డెబియన్‌లో పెర్ల్ బేస్ ప్యాకేజీ తీసేయడానికి వీల్లేని ప్యాకేజీల్లో ఒకటి, ఉబుంటులో కూడా అంతే. లినక్స్ కెర్నల్‌కి పంపే ప్యాచ్‌లని సరిచూసే స్క్రిప్ట్, ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ బిల్డ్‌కి ముందు నడిచే కాన్ఫిగర్, ఫొటోల మెటాడేటా చదివే ఎగ్జిఫ్‌టూల్ అన్నీ పెర్లే. కాబట్టి భాష ఉంటుందా పోతుందా అన్న బెంగ మాకు లేదు. మా స్క్రిప్టులు నిలబడతాయా అన్నదే సందేహం.

మొదటి పని, అసలు ఏవి నడుస్తున్నాయో తెలుసుకోవడం. క్రాన్‌ట్యాబ్ (ఏ స్క్రిప్ట్ ఏ టైముకి నడవాలో రాసే జాబితా) ఒక్క యూజర్‌ది చూసి సరిపెట్టుకోకూడదు. ఈటీసీ కింద ఉన్న క్రాన్ డైరెక్టరీలు, ప్రతి యూజర్ క్రాన్‌ట్యాబ్, అపాచీ సీజీఐ బిన్ (వెబ్ సర్వర్ పిలిచే స్క్రిప్టుల ఫోల్డర్), మెయిల్ ఏలియస్ ఫైల్‌లో పైపు గుర్తుతో స్క్రిప్ట్‌ని పిలిచే లైన్లు, అన్నీ చూడాలి. ఈ చివరిది ఎక్కువమంది మర్చిపోతారు. వచ్చిన మెయిల్‌ని చదివి డేటాబేస్‌లో వేసే స్క్రిప్ట్ ఒకటి మాకు అక్కడే దొరికింది. ఇలా వెతికితే 27లో 8 స్క్రిప్టుల్ని ఎవరూ పిలవడం లేదని తేలింది. వాటిని గిట్‌లో పెట్టి పక్కన పెట్టేశాం. మిగిలినవి 19.

తర్వాత మాడ్యూళ్లు, అంటే స్క్రిప్టులు వాడుకునే రెడీమేడ్ కోడ్. ఒక్కో స్క్రిప్ట్‌లో యూజ్, రిక్వైర్ ఉన్న లైన్లన్నీ గ్రెప్ కమాండ్‌తో వెతికి జాబితా రాసుకున్నాం. పెర్ల్‌తో పాటు వచ్చే కోర్‌లిస్ట్ అనే కమాండ్‌కి మాడ్యూల్ పేరిస్తే అది ఏ వెర్షన్‌లో పెర్ల్‌లోకి చేరిందో, ఎప్పుడు బయటికి పోయిందో చెప్తుంది. వెబ్ ఫారాలకి వాడే సీజీఐ మాడ్యూల్ 5.22 నుంచి పెర్ల్‌తో రావడం లేదని అక్కడే కనిపిస్తుంది. డెబియన్‌లో మాడ్యూల్ ప్యాకేజీ పేరు కనిపెట్టడం తేలిక: మాడ్యూల్ పేరుని చిన్నక్షరాల్లో, మధ్యలో హైఫన్లతో రాసి ముందు లిబ్, చివర పెర్ల్ తగిలిస్తే చాలు. ఆప్ట్‌లో (డెబియన్ ప్యాకేజీలు వేసే టూల్) దొరికేవన్నీ ఆప్ట్‌తోనే వేశాం. దొరకని రెండింటినీ సీప్యాన్‌మైనస్‌తో (సీప్యాన్ అనే పెర్ల్ మాడ్యూళ్ల భండారం నుంచి దించే టూల్) ప్రాజెక్ట్ డైరెక్టరీలోనే ఒక లోకల్ ఫోల్డర్‌లోకి దించాం. రూట్‌గా సీప్యాన్ నడిపి సిస్టమ్ పెర్ల్ మీద మాడ్యూళ్లు వేయడం మాత్రం వద్దు. డెబియన్ సొంత టూల్స్ కూడా అదే పెర్ల్ మీద ఆధారపడతాయి, రేపు అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఏది ఎందుకు విరిగిందో పట్టుకోలేం.

సీప్యాన్‌లో ఇన్‌స్టాల్ ఫెయిలైతే చాలాసార్లు తప్పు పెర్ల్‌ది కాదు, సీ భాష లైబ్రరీల హెడర్ ఫైళ్లు లేకపోవడమే కారణం. ఎక్స్‌ఎంఎల్ లిబ్‌ఎక్స్‌ఎంఎల్‌కి లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 డెవ్ ప్యాకేజీ, నెట్ ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవైకి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవ్ కావాలి, ఇవి కాక కంపైల్ చేసే టూల్స్ జీసీసీ, మేక్. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ దగ్గర ఇంకో మెలిక ఉంది. డీబీడీ మైఎస్‌క్యూఎల్ 5వ సిరీస్ మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన డేటాబేస్) లైబ్రరీతో కంపైల్ కాదు, మైఎస్‌క్యూఎల్ 8 క్లయింట్ లైబ్రరీ అడుగుతుంది. డెబియన్‌లో ఉండేది మరియాడీబీ. అందుకే డెబియన్ ఇచ్చే 4.050 వాడాలి, లేదా డీబీడీ మరియాడీబీకి మారాలి. మేం మొదటిదే చేశాం.

ఇక స్క్రిప్టుల్ని కొత్త పెర్ల్‌తో మైనస్ సీ ఆప్షన్ పెట్టి సింటాక్స్ చూడ్డం. మైనస్ సీ అంటే ఏమీ నడవదని అనుకోవద్దు, యూజ్ లైన్లు, బిగిన్ బ్లాకులు నడుస్తాయి. బిగిన్‌లో డేటాబేస్‌ని ముట్టుకునే స్క్రిప్ట్ ఉంటే టెస్ట్ డేటాబేస్ వైపు తిప్పి పెట్టుకోవాలి. మాకు 19లో 7 స్క్రిప్టులు ఇక్కడ ఆగాయి, కారణాలు మూడే. అరే (విలువల జాబితా) మీద డిఫైన్డ్ అని అడగడం 5.22 నుంచి ఎర్రర్, ఆ డిఫైన్డ్ తీసేస్తే చాలు. ఫర్ లూప్‌లో క్యూడబ్ల్యూతో రాసిన మాటల జాబితాకి చుట్టూ బ్రాకెట్ లేకపోవడం 5.18 నుంచి ఎర్రర్. రెగెక్స్‌లో (అక్షరాల నమూనాని వెతికే రాత) మీసాల బ్రాకెట్‌కి ముందు బ్యాక్‌స్లాష్ లేకపోవడం 5.26 నుంచి చాలాచోట్ల ఎర్రర్. మూడూ లైన్ నంబర్‌తో సహా చెప్తాయి కాబట్టి ఒక పూటలో అయిపోయింది.

ఎర్రర్ ఇచ్చేవాటితో పేచీ లేదు. ఎర్రర్ ఇవ్వకుండా తప్పు లెక్క ఇచ్చేవే ప్రాణం తీస్తాయి.

అందులో మొదటిది కాన్ఫిగ్ ఫైల్. పాత స్క్రిప్టులు డేటాబేస్ పేరు, పన్ను శాతం, ఫైల్ దారులు ఒక చిన్న పెర్ల్ ఫైల్‌లో పెట్టుకుని, డూ అన్న మాటతో దాన్ని లోపలికి తెచ్చుకుంటాయి. పాత పెర్ల్ మాడ్యూళ్లు వెతికే దారుల్లో ప్రస్తుత డైరెక్టరీ కూడా ఉండేది. భద్రత కోసం 5.26లో దాన్ని తీసేశారు. ఇప్పుడు డూ ఆ ఫైల్‌ని కనుక్కోలేదు. కనుక్కోకపోయినా ఆగిపోదు, అన్‌డెఫ్ (విలువ లేదని) ఇచ్చి ముందుకు పోతుంది. పన్ను శాతం ఖాళీ, ఖాళీ అంటే సున్నా, స్టేట్‌మెంట్ మాత్రం చక్కగా ప్రింటవుతుంది! నిజానికి పెర్ల్ ఎస్‌టీడీఎర్ (ఎర్రర్లు పోయే దారి) మీద ఒక వార్నింగ్ ఇస్తుంది, ముందు చుక్క, స్లాష్ పెట్టాలా అని కూడా అడుగుతుంది. కానీ క్రాన్ లైన్ చివర ఎర్రర్లన్నీ డెవ్ నల్‌లోకి (ఏది పంపినా మాయమయ్యే చోటు) పోయేలా ఎప్పుడో రాసేసి ఉంటే ఆ మాట ఎవరికి వినిపిస్తుంది? అందుకే మొట్టమొదట అన్ని క్రాన్ లైన్లలోంచి ఆ డెవ్ నల్ తీసేశాం, ఎర్రర్లు లాగ్‌లోకి పోయేలా మార్చాం. డూ ఉన్న ప్రతి చోటా ఫైల్ పూర్తి దారి ఇచ్చి, విలువ రాకపోతే డై అయ్యేలా (స్క్రిప్ట్ ఆగిపోయేలా) రాశాం. దారి కోసం ఫైండ్‌బిన్ మాడ్యూల్ వాడితే స్క్రిప్ట్ ఉన్న డైరెక్టరీ తెలుస్తుంది. క్రాన్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మన టెర్మినల్‌లో ఉన్నట్టు ఉండవు కాబట్టి లోకల్ మాడ్యూళ్ల ఫోల్డర్‌కి కూడా యూజ్ లిబ్ లైన్‌తో ఇదే పద్ధతి.

రెండోది హ్యాష్ (కీ, విలువ జతలుగా దాచే టేబుల్) వరస. 5.18 నుంచి హ్యాష్‌లో కీల వరస ప్రతి రన్‌కీ మారుతుంది. పాత పెర్ల్‌లో అదృష్టవశాత్తు ఒకే వరసలో వచ్చేది, ఆ వరస మీదే ఆధారపడి రిపోర్టులో కాలమ్స్ రాసినవాళ్లున్నారు. పాత అవుట్‌పుట్‌నీ కొత్త అవుట్‌పుట్‌నీ డిఫ్ చేస్తే వేల లైన్లు తేడా చూపించింది ఇందువల్లే. కీస్ ఉన్న ప్రతి చోటా సార్ట్ పెట్టాం, డిఫ్ ఖాళీ అయింది. టెస్ట్ కోసం మాత్రమే అయితే పెర్ల్ హ్యాష్ సీడ్‌నీ, పెర్టర్బ్ కీస్‌నీ సున్నాకి పెట్టి వరసని కదలకుండా ఆపొచ్చు.

మూడోది కామాలున్న అంకెలు. ఇది పాత పెర్ల్‌లోనూ ఉన్న జబ్బే, మార్పు పనిలో బయటపడింది. సీఎస్‌వీలో మొత్తం 1,25,000 అని వస్తే పెర్ల్ దాన్ని అంకెగా మార్చేటప్పుడు మొదటి కామా దగ్గర ఆగిపోతుంది. లక్షా పాతికవేలు కాస్తా 1 అవుతుంది. యూజ్ వార్నింగ్స్ ఉంటే ఇది అంకె కాదు అని హెచ్చరిస్తుంది, లేకపోతే మౌనం. అందుకే స్ట్రిక్ట్, వార్నింగ్స్ రెండూ లేని 11 స్క్రిప్టులకీ ముందుగా వార్నింగ్స్ పెట్టి పాత డేటా మీద నడిపాం. స్ట్రిక్ట్ తర్వాత. ఆ వరస ముఖ్యం: స్ట్రిక్ట్ పెడితే డిక్లేర్ చేయని ప్రతి వేరియబుల్ దగ్గరా ఎర్రరొచ్చి ఆగిపోతుంది, వార్నింగ్స్ అయితే నడుస్తూనే ఎక్కడెక్కడ కుళ్లుందో చూపిస్తుంది. కూడే ముందు కామాలు తీసేసి, మిగిలింది పూర్తిగా అంకెలేనా అని చూసి, కాకపోతే ఆ వరస నంబర్‌తో సహా డై.

తిరిగి ప్రింట్ చేసేటప్పుడు లక్షల పద్ధతిలో కామాలు పెట్టడం రెగెక్స్‌తో ఒక్క లైన్ పని. ఒక అంకె వెనక జతలు జతలుగా అంకెలు, చివర ఒంటి అంకె ఉంటే, అంటే 3, 5, 7 ఇలా బేసి సంఖ్యలో ఉంటే, ఆ అంకె తర్వాత కామా. 125000లో మొదటి 1 వెనక అయిదు అంకెలు, కామా పడుతుంది. 2 వెనక నాలుగు, పడదు. 5 వెనక మూడు, పడుతుంది. పైసలుంటే చుక్క దగ్గర విడదీసి ముందు భాగానికే ఇది చేయాలి, లేకపోతే చుక్క తర్వాత అంకెలు ఎక్కువున్నప్పుడు వాటికీ కామాలు పడతాయి.

నాలుగోది తెలుగు, మాకు ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. పాత స్క్రిప్టులు తెలుగుని అక్షరాలుగా చూడవు, బైట్లుగా చూస్తాయి. బైట్లు లోపలికొచ్చి, బైట్లుగానే బయటికి పోతే తెరమీద అంతా బాగానే కనిపిస్తుంది. ఒక చోట మాత్రమే డీకోడ్ చేసి (బైట్లని అక్షరాలుగా మార్చి) రెండోచోట వదిలేస్తే అప్పుడు చెడుతుంది. కాబట్టి ఒక స్క్రిప్ట్‌లో మారిస్తే నాలుగు చోట్లా ఒకేసారి మార్చాలి: సోర్స్‌లోనే తెలుగు రాసి ఉంటే యూజ్ యూటీఎఫ్8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి), ఫైళ్లు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ లేయర్, ఎస్‌టీడీఅవుట్‌కి (మామూలు అవుట్‌పుట్ పోయే దారి) బిన్‌మోడ్, డేటాబేస్ కనెక్షన్‌లో యూటీఎఫ్8 ఎంబీ4 ఆన్ చేసే ఆప్షన్. వైడ్ క్యారెక్టర్ ఇన్ ప్రింట్ అన్న వార్నింగ్ వస్తే అవుట్‌పుట్ లేయర్ మర్చిపోయామని అర్థం. తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. దీన్ని సైజుతో కూడా పట్టుకోవచ్చు. తెలుగు అక్షరం యూటీఎఫ్8లో 3 బైట్లు, రెండుసార్లు ఎన్‌కోడ్ అయితే 6 బైట్లు. పూర్తిగా తెలుగే ఉన్న ఫీల్డ్ సైజు పాతదానికి సరిగ్గా రెట్టింపైతే ఇంకేం వెతకక్కర్లేదు.

పేరుని కాలమ్‌లో పట్టేలా కత్తిరించడం ఇంకో తంటా. స్త్రీ అన్న మాట తీసుకోండి. బైట్లు 18, యూనికోడ్ కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లు) 6. పెర్ల్ 5.36 రెగెక్స్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్‌తో లెక్కపెడితే 3 ముక్కలు: పొల్లుతో స, పొల్లుతో త, చివర రీ. చదివేవాడికి కనిపించేది ఒకటే అక్షరం. బైట్లలో కత్తిరిస్తే ప్రశ్నార్థకం గుర్తు మిగులుతుంది, కోడ్ పాయింట్లలో కత్తిరిస్తే గుణింతం ఊడిపోతుంది. పెద్ద ఎక్స్‌తో ముక్కలు చేసి, పొల్లుతో ముగిసిన ముక్క వెనక హల్లు వస్తే రెండింటినీ కలిపి ఒకటిగా లెక్కపెట్టాం. అప్పుడు స్త్రీ ఒకటే అయింది, పేర్లు మధ్యలో విరగడం ఆగింది.

పెర్ల్‌లో ఉంచుదామని తేల్చేసింది కూడా ఈ తెలుగే. మాటల్ని విడదీయడానికి అందరూ వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ఉంది కదా, పైథాన్ సొంత ఆర్ఈ మాడ్యూల్‌లో అది గుణింతాల్ని అక్షరాలుగా లెక్కచేయదు. తెలుగు అన్న మాటని ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేస్తుంది. పైథాన్‌లో దీనికి విడిగా రెగెక్స్ అనే మాడ్యూల్ వేసుకోవాలి. పెర్ల్‌లో డీకోడ్ చేసిన తెలుగు మాట మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. అంతేకాదు, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట్ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంటుంది. 5.18 నుంచి పెర్ల్ డబ్ల్యూ దాన్ని కూడా మాటలో భాగంగానే తీసుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: డబ్ల్యూ బదులు తెలుగు లిపి అన్న ప్రాపర్టీ వాడితే ఆ నాన్ జాయినర్ తెలుగు లిపి కిందికి రాదు కాబట్టి మాట రెండు ముక్కలవుతుంది. మేం మొదట అలా రాసే, వెతుకులాటలో సగం పేర్లు ఎందుకు దొరకడం లేదో తెలీక చూస్తూ కూర్చున్నాం.

అన్నింట్లో పెర్లే గొప్పని కాదు. తెలుగు అంకెలు చూడండి. డీకోడ్ చేసిన స్ట్రింగ్‌లో ౧౨ ఉంటే పెర్ల్ రెగెక్స్ అవి అంకెలేనని ఒప్పుకుంటుంది, కూడబోతే మాత్రం సున్నా అంటుంది. అంటే పరీక్ష దాటి వచ్చిన విలువ లెక్కలో మాయం. పైథాన్ ఇంట్ అయితే హాయిగా 12 ఇస్తుంది. పెర్ల్‌లో అంకెల పరీక్షని 0 నుంచి 9 వరకే అని కచ్చితంగా రాయాలి, లేదా యూనికోడ్ యూసీడీ మాడ్యూల్‌లోని నమ్ అనే ఫంక్షన్‌తో మార్చుకోవాలి.

సీఎస్‌వీ గురించి రెండు మాటలు. కామా దగ్గర స్ప్లిట్ చేసే కోడ్ ఎక్కడున్నా తీసేసి టెక్స్ట్ సీఎస్‌వీ ఎక్స్‌ఎస్ పెట్టాం. అడ్రసులో కామాలుంటాయి, ఎక్సెల్ సెల్‌లో ఆల్ట్ ఎంటర్ కొట్టినవాళ్లుంటే ఒకే ఫీల్డ్ రెండు లైన్లలో ఉంటుంది. బైనరీ ఆప్షన్ ఆన్ చేసి, లైన్లు మనం చదవకుండా గెట్‌లైన్‌కే వదిలేయాలి. ఎక్సెల్‌లో యూటీఎఫ్8గా సేవ్ చేసిన ఫైల్ మొదట్లో బామ్ (యూటీఎఫ్8 అని చెప్పే కనిపించని గుర్తు) ఉంటుంది, అది మొదటి కాలమ్ పేరుకి అతుక్కుని ఆ కాలమ్ దొరకదు. చదివేటప్పుడు దాన్ని తీసేయాలి. మనం రాసిన సీఎస్‌వీని వాళ్లు ఎక్సెల్‌లో తెరుస్తారంటే అదే బామ్ మనమే పెట్టాలి, లేకపోతే తెలుగంతా గజిబిజిగా కనిపిస్తుంది.

ఫైళ్లు తెరిచే పాత పద్ధతి కూడా అన్నిచోట్లా మార్చాం. ఓపెన్‌కి రెండే ఆర్గ్యుమెంట్లిస్తే, ఫైల్ పేరు చివర పైపు గుర్తుంటే పెర్ల్ దాన్ని కమాండ్‌గా నడిపేస్తుంది. బయటినుంచి వచ్చే ఫైల్ పేర్లతో ఇది చాలా ప్రమాదం. మూడు ఆర్గ్యుమెంట్లతో రాస్తే ఆ దారి మూసుకుపోతుంది.

చివరికి 13 స్క్రిప్టులు పెర్ల్‌లోనే ఉంచాం, 6 పైథాన్‌లో తిరగరాశాం. తిరగరాసినవాటిలో మూడు వెబ్ ఫారాలు. సీజీఐ మాడ్యూల్‌ని ఆప్ట్‌తో తెచ్చుకోవచ్చు, నడుస్తుంది కూడా. కానీ అందులో పారమ్‌ని (ఫారంలో నింపిన విలువ ఇచ్చే ఫంక్షన్) హ్యాష్ లోపల నేరుగా రాసేస్తే, ఫారం నింపేవాడు ఒకే పేరుతో రెండు మూడు విలువలు పంపి మన హ్యాష్‌లో తనకి కావలసిన కీలు దూర్చగలడు. ఆ పాత కోడ్‌లో అదే పద్ధతి అన్నిచోట్లా ఉంది. దాన్ని బాగుచేసే శ్రమతో కొత్తగా రాయొచ్చు, మిగతా వెబ్ పనంతా పైథాన్‌లో ఉంది కాబట్టి అక్కడే రాశాం. పెర్ల్‌లోనే చేయాలనుకునేవాళ్లకి మోజోలీషియస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మంచి దారి. గ్రాఫులు గీసే రెండు, ఎస్‌ఎంఎస్ గేట్‌వేతో మాట్లాడే ఒకటి కూడా పైథాన్‌కి పోయాయి. గేట్‌వేవాళ్లు ఇచ్చే ఉదాహరణలు పైథాన్‌లో ఉన్నాయి, పెర్ల్‌లో లేవు. ఆ లెక్కన చూస్తే మన చేతిలో లేని బయటి సర్వీసులతో ముడిపడ్డ పనికి పెర్ల్ నేను ఎంచుకోను. ఎక్సెల్ రిపోర్టులు మాత్రం ఎటైనా ఒకటే, పెర్ల్‌లో ఎక్సెల్ రైటర్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, పైథాన్‌లో ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రైటర్ రెండూ రాసింది జాన్ మెక్‌నమారా ఒక్కరే, మెథడ్ల పేర్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి.

పెర్ల్‌లో కొత్తగా రాసే ఫైల్ మొదటి లైన్‌లో యూజ్ వీ5.36 అని పెడతాం. స్ట్రిక్ట్, వార్నింగ్స్, సే, ఫంక్షన్ పేరు పక్కనే ఆర్గ్యుమెంట్లు రాసుకునే సిగ్నేచర్లు అన్నీ దానితోనే వస్తాయి. పాత ఫైళ్లలో మాత్రం కళ్లు మూసుకుని ఈ లైన్ పెట్టొద్దు. రెండు డాలర్ గుర్తులతో ప్రోటోటైప్ రాసిన పాత ఫంక్షన్‌ని అది సిగ్నేచర్ అనుకుని ఎర్రర్ ఇస్తుంది, గివెన్, వెన్ వాడిన కోడ్ కూడా పనిచేయదు.

పాత సర్వర్‌ని వెంటనే ఆపలేదు. అదే ఇన్‌పుట్‌తో రెండు చోట్లా రోజూ నడిపించి, అవుట్‌పుట్లు డిఫ్ చేసి, తేడా ఉంటే మెయిల్ వచ్చేలా పెట్టాం. మొదటి వారం రోజూ మెయిల్ వచ్చింది. మూడో వారానికి నెలాఖరు స్టేట్‌మెంట్లు ఒక్కటే మిగిలాయి, వాటిలో పైసల రౌండింగ్ రెండు స్క్రిప్టుల్లో రెండు రకాలుగా ఉందని దొరికింది. రూపాయల్ని పైసల్లోకి మార్చి పూర్ణాంకాలతోనే లెక్క చేయించాం. తర్వాత రెండు నెలల స్టేట్‌మెంట్లు పైసతో సహా సరిపోయాక పాత సర్వర్‌లో క్రాన్ ఆపేశాం.